ఓజోన్ స్క్రబ్బర్‌కు ముందు, క్లోరైట్ తర్వాత: బొగ్గు పొగలోని నాక్స్, సల్ఫర్, పాదరసాన్ని ఒకే వరుసలో పట్టే పైలట్ ప్లాంటుకు సమగ్ర మార్గదర్శి

బొగ్గు ప్లాంటు పొగలో సల్ఫర్ డయాక్సైడ్‌ను పట్టడం పెద్ద కష్టం కాదు. సున్నపురాయి స్లర్రీ చల్లితే అదే వచ్చి కలుస్తుంది. మొండిది నైట్రిక్ ఆక్సైడ్. నాక్స్‌లో (పొగలోని నైట్రోజన్ ఆక్సైడ్ల మిశ్రమంలో) 90 నుంచి 95 శాతం అదే. నీళ్లలో దాదాపు కరగదు. సల్ఫర్ డయాక్సైడ్ దానికంటే వందల రెట్లు తేలిగ్గా కరుగుతుంది. పాదరసానిదీ అదే తీరు. లోహ రూపంలో ఉన్న పాదరసం ఆవిరి, పొగను ద్రవంతో కడిగే స్క్రబ్బర్‌లోంచి ఏమీ ఎరగనట్టు చిమ్నీకి వెళ్లిపోతుంది. దాన్ని ఆక్సీకరించి మెర్క్యురిక్ క్లోరైడ్‌గా మారిస్తే మాత్రం నీళ్లలో బాగా కరుగుతుంది. కరగని ఈ రెండింటినీ కరిగే రూపంలోకి తేవడమే ఆక్సిడెంట్ పని. ఆ తర్వాత అన్నిటినీ తడి స్క్రబ్బర్ చూసుకుంటుంది.

ఈ పద్ధతిలో డబ్బు తగలేసేది ఒక్కటే: ఖరీదైన ఆక్సిడెంట్‌ను సల్ఫర్ డయాక్సైడ్ తినేయడం. కిలో పది రూపాయలు కూడా చేయని సున్నపురాయి చేసే పనికి ఓజోన్‌నో క్లోరైట్‌నో వాడితే బిల్లు తడిసి మోపెడవుతుంది. కాబట్టి డిజైన్ అంతా ఏ రసాయనం ఏ చోట పడాలనే ప్రశ్న చుట్టూ తిరుగుతుంది. పొడి గ్యాస్‌లో ఓజోన్ నైట్రిక్ ఆక్సైడ్‌తో చిటికెలో కలుస్తుంది, సల్ఫర్ డయాక్సైడ్ జోలికి దాదాపు వెళ్లదు. అదే ఓజోన్ నీటి బొట్టు తగిలితే అందులోని సల్ఫైట్‌తో క్షణంలో ఖర్చయిపోతుంది. కనుక ఓజోన్ స్క్రబ్బర్‌కు ముందు పడాలి. సోడియం క్లోరైట్ ద్రావణం ఇందుకు విరుద్ధం. ద్రవంలో అది మొదట సల్ఫర్ డయాక్సైడ్ మీదకే వెళ్తుంది, కనుక సల్ఫర్ పోయాకే పడాలి.

కింది లెక్కలన్నీ ఈఎస్‌పీ (విద్యుత్ క్షేత్రంతో ధూళిని పట్టే యంత్రం) తర్వాత డక్టు నుంచి గంటకు 10,000 నార్మల్ ఘనపు మీటర్ల (0 డిగ్రీలు, వాతావరణ పీడనం దగ్గర లెక్కించినవి) గ్యాస్ లాగే స్లిప్‌స్ట్రీమ్ (మొత్తం పొగలో కొంత భాగాన్నే పక్కకు తీసే) పైలట్‌కు వేసినవి. ఇన్‌లెట్ విలువలు (6 శాతం ఆక్సిజన్ దగ్గర, నార్మల్ ఘనపు మీటరుకు): నాక్స్ 450 మి.గ్రా. (నైట్రోజన్ డయాక్సైడ్‌గా లెక్కిస్తే), సల్ఫర్ డయాక్సైడ్ 1,200 మి.గ్రా., ధూళి 50 మి.గ్రా. లోపు, ఉష్ణోగ్రత 140 డిగ్రీల సెల్సియస్. తక్కువ సల్ఫర్, ఎక్కువ బూడిద ఉన్న మన దేశపు బొగ్గుకు ఇవి మామూలు అంకెలే. లక్ష్యం నాక్స్ 100, సల్ఫర్ డయాక్సైడ్ 100 లోపు, పాదరసం 0.03 మి.గ్రా. లోపు. 2015 డిసెంబర్ 7 నాటి కేంద్ర పర్యావరణ శాఖ నోటిఫికేషన్‌లో, 2017 జనవరి 1 తర్వాత వచ్చే యూనిట్లకు పెట్టిన హద్దులు ఇవే. 2004–2016 మధ్య యూనిట్లకు నాక్స్ హద్దును మొదట 300గా పెట్టి, 2020లో 450కి సడలించారు. మీ యూనిట్ ఆ వర్గంలోదైతే ఈ ఖర్చు అవసరమో కాదో ముందే తేల్చుకోండి.

మొదటి అడుగు: కొలతలు, ముఖ్యంగా కొలిచే పరికరం

ఓజోన్ పడగానే నైట్రిక్ ఆక్సైడ్ కాస్తా నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. చిమ్నీ అనలైజర్ చాలాచోట్ల నైట్రిక్ ఆక్సైడ్‌ను మాత్రమే కొలిచి, దాన్ని 1.53తో గుణించి నాక్స్ అని చూపిస్తుంది. అలాంటి పరికరంతో ఓజోన్ పరీక్ష చేస్తే మొదటి గంటలోనే 90 శాతం నాక్స్ పోయినట్టు కనిపిస్తుంది. నిజానికి అది ఎక్కడికీ పోలేదు, రంగు మార్చుకుని చిమ్నీలోంచే వెళ్తోంది. కాబట్టి నైట్రిక్ ఆక్సైడ్, నైట్రోజన్ డయాక్సైడ్ రెండిటినీ విడివిడిగా కొలిచే అనలైజర్ లేకుండా పని మొదలుపెట్టవద్దు.

శాంపిల్ లైన్‌ను 180 డిగ్రీల దగ్గర వేడిగా ఉంచాలి. ఎక్కడైనా చల్లబడి నీరు కడితే నైట్రోజన్ డయాక్సైడ్ ఆ నీటిలోనే దిగిపోయి, అంకె మళ్లీ తప్పుగా తక్కువ వస్తుంది. ఇంకో చిక్కు: 254 నానోమీటర్ల అతినీలలోహిత కాంతితో పనిచేసే ఓజోన్ అనలైజర్‌ను సల్ఫర్ డయాక్సైడూ పాదరసం ఆవిరీ రెండూ తప్పుదారి పట్టిస్తాయి, ఎందుకంటే అవి కూడా ఆ కాంతినే పీలుస్తాయి. ఓజోన్ ఆపి ఉన్నప్పుడు అది ఎంత చూపిస్తుందో రాసుకుని, తర్వాతి రీడింగుల నుంచి తీసేయాలి.

వీటన్నిటికంటే నమ్మదగిన సాక్షి స్లర్రీలో పేరుకునే నైట్రేట్, నైట్రైట్‌లు. గంటకు 3.5 కిలోల నాక్స్ పట్టుబడుతోందని అనలైజర్ అంటే, అది పూర్తిగా నైట్రేట్ అయిన పక్షంలో ద్రవంలో గంటకు 4.7 కిలోలు పెరగాలి. కొంత భాగం నైట్రోజన్–సల్ఫర్ సమ్మేళనాలుగా దాక్కుంటుంది, కనుక మొత్తం నైట్రోజన్ కూడా చూడాలి. ఆ లెక్క సగానికి కూడా కుదరకపోతే అనలైజర్‌నే అనుమానించాలి.

ధూళి, ఉష్ణోగ్రత

ధూళి విషయం క్లుప్తంగా: 50 మి.గ్రా. దాటకూడదు, 30 లోపుంటే మంచిది. బూడిదలోని ఇనుము, మాంగనీస్ ఆక్సైడ్లు ఓజోన్‌ను విడగొడతాయి, నాజిళ్లు మూసుకుపోతాయి, జిప్సం నల్లబడుతుంది. ఈఎస్‌పీలో ఒక ఫీల్డ్ పోయి ఉంటే అది బాగయ్యే వరకు ఆగండి.

ఉష్ణోగ్రతను అంత తేలిగ్గా వదలడానికి లేదు. నైట్రోజన్ డయాక్సైడ్‌తోనే సరిపెట్టుకుంటే సున్నపురాయి స్లర్రీ దాన్ని అరకొరగానే పడుతుంది. ఇంకాస్త ఓజోన్ ఇచ్చి డైనైట్రోజన్ పెంటాక్సైడ్ దాకా తీసుకెళ్తే అది నీళ్లు తగలగానే నైట్రిక్ ఆమ్లమై కలిసిపోతుంది. పెంటాక్సైడ్ నిలిచేది సుమారు 60 నుంచి 100 డిగ్రీల మధ్యే. అంతకు మించితే అది తిరిగి విరిగిపోతుంది; మళ్లీ కట్టడానికి మళ్లీ ఓజోన్ కావాలి. ఎంత పోసినా నిండని కుండలాగా ఓజోన్ అలా పోతూనే ఉంటుంది. 150 దాటితే ఓజోనే విరగడం మొదలుపెడుతుంది, 200 దగ్గర ఇక పనికిరాదు. కనుక ఈఎస్‌పీ తర్వాత ఉండే 140 డిగ్రీల డక్టులో నేరుగా ఓజోన్ వదలడం డబ్బు గాలికి వదలడమే.

140 నుంచి 80కి దించాలంటే గంటకు సుమారు 325 లీటర్ల నీరు ఆవిరి కావాలి. గాలి పీడనంతో చిమ్మే రెండు నాజిళ్లు పెట్టండి, ఒకటి ఆగినా రెండోది నడవాలి. బొట్లు పూర్తిగా ఆరిపోయాకే ఓజోన్ తగలాలి. తడి బొట్లు మిగిలితే వాటిలో కరిగిన సల్ఫర్ డయాక్సైడ్ ఓజోన్‌ను తినేస్తుంది. నాజిల్ తర్వాత కనీసం ఆరేడు మీటర్ల నిటారు డక్టు ఇచ్చి, చివర ఒక లోహపు పలకను అరగంట ఉంచి బయటకు తీసి చూడండి. పొడి బూడిద పొర ఉంటే సరే. బురద చారలు కనిపిస్తే బొట్లు లావుగా ఉన్నాయి, గాలి పీడనం పెంచాలి.

ఇక్కడి నుంచి డక్టు మామూలు ఇనుముతో చేస్తే నెలల్లో తినేస్తుంది. గ్యాస్ గంధకామ్లపు డ్యూ పాయింట్ (ఆవిరి ద్రవంగా కట్టే ఉష్ణోగ్రత) కిందికి దిగింది, పైగా నైట్రిక్ ఆమ్లం తోడవుతోంది. పైలట్‌కు వినైల్ ఎస్టర్ రెసిన్‌తో చేసిన ఎఫ్‌ఆర్‌పీ (గాజు నారతో బలపరిచిన ప్లాస్టిక్) డక్టు సరిపోతుంది. క్వెంచ్ నీరు (గ్యాస్‌ను చల్లబరిచే ఆ నీరు) ఆగిపోతే 140 డిగ్రీల గ్యాస్ దాన్ని పాడుచేస్తుంది కాబట్టి, డక్టులో ఉష్ణోగ్రత 110 దాటగానే ఇన్‌లెట్ డ్యాంపర్ మూసుకునే ఇంటర్‌లాక్ (తనంతట తానే పనిచేసే రక్షణ ఏర్పాటు) తప్పనిసరి.

ఓజోన్ ఎంత కావాలి

గంటకు 4.5 కిలోల నాక్స్ అంటే సుమారు 98 మోల్స్. ఒక మోల్ నైట్రిక్ ఆక్సైడ్‌ను డయాక్సైడ్ చేయడానికి ఒక మోల్ ఓజోన్, పెంటాక్సైడ్ దాకా వెళ్లడానికి కాగితం మీద ఒకటిన్నర. ఆచరణలో 1.6 పెట్టుకోవాలి. అంటే గంటకు 7.5 కిలోల ఓజోన్. జనరేటర్ 9 కిలోలది తీసుకోండి.

ఇక్కడ చాలామంది పొరబడేది ఒకటుంది. నాక్స్ సగం తగ్గితే చాలు కదా, ఓజోన్ కూడా సగమే వేద్దాం అనుకుంటారు. సగం ఓజోన్‌కు సగం ఫలితం రాదు. నైట్రిక్ ఆక్సైడ్‌తో కలిసే వేగం డయాక్సైడ్‌తో కలిసే వేగం కంటే వందల రెట్లు ఎక్కువ. కాబట్టి ఓజోన్ ముందు ఉన్న నైట్రిక్ ఆక్సైడ్ అంతటినీ డయాక్సైడ్‌గా మార్చాకే రెండో మెట్టు ఎక్కుతుంది. ఓజోన్–నాక్స్ మోల్ నిష్పత్తి 1.0 వచ్చేదాకా చిమ్నీ నాక్స్ పెద్దగా కదలదు, ఆ తర్వాతే పడిపోతుంది. అందుకే ఈ పద్ధతిలో మొదటి 60 శాతం ఓజోన్ కేవలం ప్రవేశ రుసుము.

10 శాతం బరువు గాఢతతో ఓజోన్ తీయాలంటే గంటకు 75 కిలోల ఆక్సిజన్, అంటే సుమారు 52 నార్మల్ ఘనపు మీటర్లు కావాలి. దాని డ్యూ పాయింట్ మైనస్ 60 డిగ్రీలకు దిగి ఉండాలి. తేమ ఉంటే ఉత్పత్తి పడిపోవడమే కాక ఎలక్ట్రోడ్ల మీద నైట్రిక్ ఆమ్లం పేరుకుంటుంది. జనరేటర్‌కు కిలో ఓజోన్‌కు సుమారు 10 యూనిట్లు, ఆక్సిజన్ తయారీకి మరో 4 యూనిట్ల కరెంటు పెట్టుకోండి.

కూలింగ్ వాటర్ సంగతి మరిచిపోతే వేసవిలో తెలిసొస్తుంది. జనరేటర్ రేటింగ్ సాధారణంగా 15–20 డిగ్రీల నీటికి ఇస్తారు. రామగుండం, కొత్తగూడెం ఎండల్లో టవర్ నీరు మే నెలలో 32 కిందికి దిగడం కష్టం. ఆ నీటితో అదే కరెంటుకు తక్కువ ఓజోన్ వస్తుంది. చిన్న చిల్లర్ ధర ముందే కొటేషన్‌లో వేయించండి.

జనరేటర్ తెర మీద కనిపించే గాఢతను నమ్మి కూర్చోకుండా వారానికోసారి చేత్తో సరిచూడాలి. రెండు వాష్ బాటిళ్లలో ఒక్కొక్క దానిలో 200 మి.లీ. చొప్పున 2 శాతం పొటాషియం అయోడైడ్ ద్రావణం పోసి, వరుసగా కలిపి, పావు లీటరు గ్యాస్‌ను నిమ్మదిగా పంపండి. మొదటి బాటిల్ ముదురు గోధుమ రంగు తిరుగుతుంది. రెండోది రంగు మారిందంటే గ్యాస్ వేగం ఎక్కువైంది, మళ్లీ చేయాలి. రెండూ కలిపి కొంచెం సజల గంధకామ్లం పోసి, 0.1 నార్మల్ సోడియం థయోసల్ఫేట్‌తో టైట్రేట్ చేయండి. రంగు లేత పసుపుకు వచ్చాక గంజి చుక్కలు వేయాలి. ముందే వేస్తే అయోడిన్ గంజిని పట్టుకుని వదలదు, ఎండ్ పాయింట్ జారిపోతుంది. నీలం పోయిన చోట ఆపాలి. ఒక మి.లీ. థయోసల్ఫేట్ 2.4 మి.గ్రా. ఓజోన్‌కు సమానం. 10 శాతం గాఢత ఉంటే సుమారు 14 మి.లీ. పడుతుంది. 11 దగ్గరే ఆగితే జనరేటర్‌దో నీటిదో లోపం.

కలపడం, సమయం ఇవ్వడం

10,000 ఘనపు మీటర్ల గ్యాస్‌లో 52 ఘనపు మీటర్ల ఓజోన్–ఆక్సిజన్ అంటే అర శాతం. ఒక గొట్టంతో వదిలితే అది డక్టు ఒక పక్కన తీగలా సాగిపోతుంది. కనుక 300–500 ఘనపు మీటర్ల పొడి గాలితో కలిపి, డక్టు అడ్డుకోతంతా పరచిన నాజిళ్ల గ్రిడ్ గుండా, ప్రవాహానికి ఎదురుగా లేదా అడ్డంగా వేగంతో చిమ్మాలి. తర్వాత ఒక స్టాటిక్ మిక్సర్ (కదలని రెక్కలతో గ్యాస్‌ను కలిపేది).

కలయిక సరిగా లేకపోతే నష్టం రెండింతలు. ఓజోన్ ఎక్కువైన చోట పెంటాక్సైడ్, అందని చోట నైట్రిక్ ఆక్సైడ్ తయారుగా ఉంటాయి. ముందుకు పోయి ఈ రెండూ కలిసినప్పుడు పెంటాక్సైడ్ విరిగి, మొత్తం మళ్లీ నైట్రోజన్ డయాక్సైడ్ అవుతుంది. చేసిన పని తిరగబడిందన్న మాట. మిక్సర్ తర్వాత అడ్డుకోతలో తొమ్మిది చోట్ల నైట్రిక్ ఆక్సైడ్ కొలిచి చూడండి. చోటుకూ చోటుకూ తేడా 10 శాతం లోపు రావాలి.

డయాక్సైడ్‌కు అర సెకను చాలు. పెంటాక్సైడ్‌కు 3 నుంచి 5 సెకన్లు కావాలి. 80 డిగ్రీల దగ్గర గ్యాస్ సెకనుకు 3.7 ఘనపు మీటర్లు, నాలుగు సెకన్లకు 15 ఘనపు మీటర్ల చోటు. 1.2 మీటర్ల వ్యాసంతో 13 మీటర్ల డక్టు వేస్తే సరిపోతుంది.

ఓజోన్ లైనుకు ఎస్‌ఎస్ 316ఎల్ రకం స్టెయిన్‌లెస్ స్టీలు, గ్యాస్కెట్లకు పీటీఎఫ్‌ఈ (టెఫ్లాన్). మామూలు రబ్బరు, నైలాన్ రోజుల్లోనే బీటలు వారతాయి. లైను మొత్తం ఆక్సిజన్ సర్వీసుకు తగ్గట్టు నూనె జిడ్డు లేకుండా శుభ్రం చేయించి, సర్టిఫికెట్ తీసుకోండి. ఫిట్టర్ చేతి గ్రీజు చాలు మంట పుట్టడానికి.

సున్నపురాయి స్క్రబ్బర్

ఇది మామూలు ఎఫ్‌జీడీయే (పొగలోని సల్ఫర్‌ను తీసే యూనిట్). 1.2 మీటర్ల వ్యాసం, గ్యాస్ వేగం సెకనుకు 3 మీటర్ల పైచిలుకు, గంటకు 150 ఘనపు మీటర్ల స్లర్రీ మూడు వరుసల స్ప్రేలలో, కింద 11 ఘనపు మీటర్ల ట్యాంకు. 95 శాతం సల్ఫర్ పట్టడానికి 90 శాతం శుద్ధత ఉన్న సున్నపురాయి గంటకు సుమారు 20 కిలోలు పడుతుంది, 30 కిలోల జిప్సం వస్తుంది. పీహెచ్ 5.2–5.8.

ఓజోన్ వచ్చాక మారేది ఆక్సిడేషన్ గాలి లెక్క. మిగిలిన నైట్రోజన్ డయాక్సైడ్‌ను పట్టేది స్లర్రీలోని సల్ఫైటే. గాలి ఎక్కువ ఊదితే సల్ఫైట్ అంతా సల్ఫేట్ అయిపోయి, డయాక్సైడ్ జారిపోతుంది. తక్కువ ఊదితే జిప్సం సరిగా కట్టదు, పైగా సల్ఫైట్ కరిగిన పాదరసాన్ని తిరిగి లోహంగా మార్చి ఆవిరిగా వదిలేస్తుంది. సిద్ధాంతపు అవసరం గంటకు 9.5 ఘనపు మీటర్లు. ఎఫ్‌జీడీలో అలవాటైన మూడు రెట్ల గాలితో, అంటే 28–30తో మొదలుపెట్టి, డయాక్సైడ్ జారడం చూస్తూ నెమ్మదిగా తగ్గించండి. ఓఆర్‌పీ మీటరు (ద్రవపు ఆక్సీకరణ శక్తిని వోల్టేజీగా చూపేది) దగ్గరే ఉండాలి. 500 మి.వోల్ట్‌లు దాటితే మాంగనీస్ నల్లపొరగా పేరుకుంటుంది, సెలీనియం శుద్ధికి లొంగని సెలెనేట్ రూపంలోకి వెళ్తుంది, లోహం తుప్పు పడుతుంది. అలా పెరిగిందంటే ఓజోన్ మిగిలి స్లర్రీలోకి వస్తోంది. మోతాదు తగ్గించాలి.

క్లోరైట్ టవర్, పాదరసం

ఓజోన్ తర్వాత మిగిలేవి రెండు: కొద్దిగా నైట్రిక్ ఆక్సైడ్, దాదాపు చెక్కుచెదరని లోహ పాదరసం. ఓజోన్ పాదరసంతో నెమ్మదిగా కలుస్తుంది, దానిమీద ఆశ పెట్టుకోవద్దు. క్లోరైట్, దాని నుంచి పుట్టే క్లోరిన్ డయాక్సైడ్ ఆ పని చురుగ్గా చేస్తాయి.

నిజానికి క్లోరైట్ ఒక్కదానితోనే అన్నీ లాగించవచ్చని ల్యాబ్ పరీక్షల్లో కనిపిస్తుంది. లెక్క వేస్తే ఆ ముచ్చట తీరిపోతుంది. మోల్ నైట్రిక్ ఆక్సైడ్‌కు 68 గ్రాములు, మోల్ సల్ఫర్ డయాక్సైడ్‌కు 45 గ్రాముల శుద్ధ సోడియం క్లోరైట్ పడుతుంది. ముందు సల్ఫర్ తీయకపోతే మన గ్యాస్‌లో నాక్స్‌కు గంటకు 6.3 కిలోలు, సల్ఫర్‌కు 8.5 కిలోలు. సగానికి పైగా సల్ఫర్ పొట్టలోకే. అదే సున్నపురాయి తర్వాత, మిగిలిన నైట్రిక్ ఆక్సైడ్ (50 మి.గ్రా.), సల్ఫర్ డయాక్సైడ్ (60 మి.గ్రా.) లెక్కన రెండిటికీ కలిపి గంటకు 1.2 కిలోలు. 25 శాతం ద్రావణంగా 5 కిలోలు, మార్జిన్‌తో 7. పీహెచ్ నిలపడానికి కాస్టిక్ సోడా ఇంకో 1.2 కిలోలు.

టవర్ 1.7 మీటర్ల వ్యాసం, రెండు మీటర్ల ఎత్తున పాలీప్రొపిలీన్ పాల్ రింగులు (గ్యాస్, ద్రవం బాగా తగిలేలా నింపే బోలు ముక్కలు), గంటకు 45 ఘనపు మీటర్ల సర్క్యులేషన్. తిరిగే ద్రవంలో క్లోరైట్ 0.1–0.3 శాతం చాలు. పీహెచ్ 5.5–6 మధ్య నిలపాలి. 4 కిందికి జారితే క్లోరిన్ డయాక్సైడ్ ఎక్కువగా పుట్టి చిమ్నీకి పోతుంది. ఘాటు వాసన, పసుపుపచ్చ ఛాయ దాని గుర్తులు. 8 దాటితే నైట్రిక్ ఆక్సైడ్ పట్టడం మందగిస్తుంది. ఈ టవర్ ఇన్‌లెట్‌లో సల్ఫర్ డయాక్సైడ్ 100 మి.గ్రా. దాటగానే డోసింగ్ పంపు ఆగిపోవాలి. ఆ ఇంటర్‌లాక్ లేకపోతే ఒక్క రాత్రి సున్నపురాయి పంపు చెడినా డ్రమ్ములకు డ్రమ్ములు ఖాళీ అవుతాయి.

ఈ టవర్ నుంచి తీసిన ద్రవాన్ని సున్నపురాయి ట్యాంకులో పోయడం తేలిక, కానీ చేయవద్దు. అక్కడి సల్ఫైట్ పాదరసాన్ని మళ్లీ ఆవిరి చేస్తుంది. విడిగా తీసి, ముందు సోడియం సల్ఫైట్‌తో మిగిలిన క్లోరైట్‌ను చంపి, అప్పుడు టీఎంటీ-15 లాంటి సల్ఫైడ్ రకం అవక్షేపకాన్ని కలపాలి. వరుస మారితే క్లోరైట్ ఆ అవక్షేపకాన్నే కాల్చేస్తుంది, పాదరసం నీళ్లలోనే ఉండిపోతుంది. సల్ఫైట్ కొలిచి పోయాలి, అవక్షేపకాన్ని వెంటనే కలిపి ట్యాంకు మూసి ఉంచాలి.

నిల్వ: సోడియం క్లోరైట్ పొడి కొనకండి, ద్రావణమే కొనండి. ద్రావణం గుడ్డ మీద ఒలికి ఆరినా నిప్పురవ్వకు భగ్గుమంటుంది. ఒలికిన చోట రంపపు పొట్టు, గోనె సంచి వేయకూడదు, నీళ్లతో పలచన చేసి కడగాలి. ఆమ్లపు ట్యాంకు దీనితో ఒకే కట్టలోపల ఉండకూడదు. రెండూ కలిస్తే పుట్టే క్లోరిన్ డయాక్సైడ్ గాలిలో 10 శాతం దాటితే పేలుతుంది.

హైడ్రోజన్ పెరాక్సైడ్ ఒంటరిగా నైట్రిక్ ఆక్సైడ్‌ను సరిగా పట్టదు, అతినీలలోహిత కాంతో ఉత్ప్రేరకమో కావాలి. పర్మాంగనేట్ పనిచేస్తుంది కానీ మాంగనీస్ డయాక్సైడ్ బురదతో ప్యాకింగ్ నింపేస్తుంది. హైపోక్లోరైట్ చవక, నాక్స్‌కు బలహీనం, పాదరసానికి ఫరవాలేదు.

నడపడం

ముందు స్లర్రీ పంపులు, క్లోరైట్ టవర్ సర్క్యులేషన్. తర్వాత బూస్టర్ ఫ్యాన్, గ్యాస్, క్వెంచ్ నీరు. 80 డిగ్రీల దగ్గర ఒక గంట నిలకడగా ఉన్నాక ఆక్సిజన్‌తో లైను పర్జ్ చేసి (లోపలున్నదాన్ని ఊది బయటకు పంపి), జనరేటర్‌ను 30 శాతంతో మొదలుపెట్టాలి. ఆపేటప్పుడు ముందు ఓజోన్ ఆపి, పదిహేను నిమిషాలు పర్జ్ చేశాకే మిగతావి. స్లర్రీ పంపు ట్రిప్ అయితే ఓజోన్ కూడా వెంటనే ట్రిప్ కావాలి.

ఓజోన్ గాలి కంటే బరువైనది, కేబుల్ ట్రెంచిల్లో కూర్చుంటుంది. డిటెక్టర్లు నేలకు దగ్గరగా పెట్టండి: 0.1 పీపీఎంకు అలారం, 0.3కు ట్రిప్. వాసన ముందే తెలుస్తుంది కానీ కాసేపటికి ముక్కు అలవాటుపడిపోతుంది, దాన్ని నమ్ముకోవద్దు. ఆక్సిజన్ గదిలో 23 శాతం దాటితే మరో అలారం.

ట్యూనింగ్‌కు ఓజోన్–నాక్స్ నిష్పత్తిని 0.5, 1.0, 1.3, 1.6, 1.8గా మార్చుతూ, ఒక్కో చోట రెండు గంటలు నిలకడగా నడపండి. 1.0 దగ్గర చిమ్నీ పొగ ఎర్రగోధుమ రంగు తిరగడం సహజం, భయపడి ఆపవద్దు. 1.6 దగ్గర కూడా ఆ రంగు పోకపోతే ఉష్ణోగ్రతో కలయికో తప్పు. ముందు డక్టు చివరి ఉష్ణోగ్రత చూడండి. 100కు దగ్గరగా ఉంటే క్వెంచ్ నీరు పెంచండి. అదీ సరిగా ఉంటే గ్రిడ్ నాజిళ్లు. 1.8 తర్వాత నాక్స్ తగ్గకుండా ఓఆర్‌పీ మాత్రమే పెరుగుతుంటే అదే మీ హద్దు.

నాక్స్ తగ్గినా చిమ్నీ నుంచి తెల్లటి నీలిఛాయ పొగ ఇంకా వస్తూనే ఉంటే అది నైట్రిక్, గంధకామ్లాల సన్నని తుంపర. మామూలు డెమిస్టర్ (తుంపరను పట్టే జల్లెడ) దాన్ని ఆపలేదు, తడి ఈఎస్‌పీ కావాలి.

నైట్రేట్ నీరు

ఈ పద్ధతిని అమ్మేవాళ్లు చివరి పేజీకి నెట్టే అంశం ఇదే. పట్టిన నాక్స్ మాయమవ్వదు, నీళ్లలోకి వస్తుంది. స్లర్రీలో నైట్రేట్‌ను లీటరుకు 10 గ్రాముల దగ్గర నిలపాలంటే గంటకు 470 లీటర్లు బయటకు తీయాలి. అందులో నైట్రేట్ నైట్రోజన్ లీటరుకు 2,260 మి.గ్రా. నదులు, చెరువుల్లోకి వదలడానికి హద్దు 10 మి.గ్రా. పైగా 2017 తర్వాతి ప్లాంట్లు అసలు వ్యర్థజలమే బయటకు వదలకూడదు. బూడిద చెరువులోకి మళ్లించడం అసలుకే ఎసరు. నైట్రేట్ మట్టిలో ఆగదు, నేరుగా ఊరి బోర్లలోకి దిగుతుంది.

దారులు మూడు. మిథనాల్ పోసి బ్యాక్టీరియాతో డీనైట్రిఫికేషన్: కిలో నైట్రోజన్‌కు 2.5–3 కిలోల మిథనాల్, పైలట్‌కు గంటకు 3 కిలోలు. క్లోరైడ్ ఒక్కసారిగా పెరిగితే బ్యాక్టీరియా చచ్చిపోతుంది. రెండోది ఆవిరి చేసి ఉప్పుగా తీయడం, కరెంటు మింగుతుంది. మూడోది సున్నపురాయికి బదులు అమ్మోనియా వాడి సల్ఫేట్–నైట్రేట్ ఎరువు తీయడం. అమెరికాలో ఓహియో రాష్ట్రంలోని ఆర్.ఈ. బర్గర్ ప్లాంటులో పవర్‌స్పాన్ సంస్థ విద్యుత్ డిశ్చార్జితో ఆక్సీకరించి, అమ్మోనియాతో పట్టే పద్ధతిని 50 మెగావాట్ల స్థాయిలో నడిపింది. మన దగ్గర అమ్మోనియం నైట్రేట్ 2012 నిబంధనల కింద పేలుడు పదార్థాల శాఖ లైసెన్సు పరిధిలోకి వస్తుంది. పాదరసం పూర్తిగా తీయకుండా ఎరువు మాట ఎత్తనే కూడదు.

పెద్ద యూనిట్‌కు పెంచితే

500 మెగావాట్ల యూనిట్ గ్యాస్ గంటకు 18 లక్షల ఘనపు మీటర్లనుకుంటే పైలట్‌కు 180 రెట్లు. ఓజోన్ గంటకు 1,350 కిలోలు, ఆక్సిజన్ పదమూడున్నర టన్నులు, కరెంటు 19 మెగావాట్లు. యూనిట్ ఉత్పత్తిలో దాదాపు 4 శాతం. నైట్రేట్ రోజుకు 20 టన్నులు. 450 నుంచి మొత్తం భారం ఓజోన్ మీద వేయడం గొంతెమ్మ కోరికే. ముందు లో-నాక్స్ బర్నర్లు, ఓవర్‌ఫైర్ ఎయిర్‌తో (మంట పైన విడిగా ఇచ్చే గాలితో) బాయిలర్‌లోనే తగ్గించుకోవాలి. ఇన్‌లెట్ 200కు దిగితే ఓజోన్ 600 కిలోలు, కరెంటు ఎనిమిదిన్నర మెగావాట్లకు వస్తుంది.

రెండు గ్యాస్ పాస్‌లలో (పొగ వచ్చే రెండు సమాంతర దారుల్లో) ఒకదానికే పూర్తి ఓజోన్ ఇచ్చి ఖర్చు సగం చేద్దామనే ఆలోచన ప్రతి సమావేశంలోనూ వస్తుంది. రెండు పాస్‌లకూ విడివిడి స్క్రబ్బర్లు ఉంటేనే అది పనిచేస్తుంది. స్క్రబ్బర్‌కు ముందే రెండూ కలిసిపోయే అమరికలో, రెండో పాస్ నుంచి వచ్చే నైట్రిక్ ఆక్సైడ్ మొదటి పాస్‌లోని పెంటాక్సైడ్‌ను విరగ్గొట్టి, మొత్తాన్ని గోధుమ రంగు పొగగా చిమ్నీకి పంపిస్తుంది.